మహమ్మారి ఏళ్లలో బ్యాంకుల లాభం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి ఒక సమీక్ష

2020 జూలైలో రిజర్వు బ్యాంకు ప్రకటించిన ఆర్థిక స్థిరత్వ నివేదిక వాణిజ్య బ్యాంకుల భవిష్యత్తు గురించి ఒక భయంకరమైన లెక్క చెప్పింది. స్థూల నిరర్థక ఆస్తులు, అంటే అసలు గాని వడ్డీ గాని 90 రోజులకు మించి బకాయి పడిన రుణాలు, ఆ ఏడాది మార్చి నాటికి మొత్తం రుణాల్లో 8.5 శాతంగా ఉండగా, 2021 మార్చికి అవి 12.5 శాతానికి పెరగవచ్చని, పరిస్థితి మరీ విషమిస్తే 14.7 శాతాన్ని తాకవచ్చని ఆ నివేదిక అంచనా కట్టింది. 2021 జనవరిలో వచ్చిన తర్వాతి నివేదిక ఆ భయాన్ని మరికొంత పెంచి, అదే ఏడాది సెప్టెంబరు నాటికి 13.5 శాతం అని చెప్పింది. జరిగింది మాత్రం ఇందుకు పూర్తిగా వేరు. 2021 మార్చిలో ఆ నిష్పత్తి 7.5 శాతం దగ్గర నిలిచి, సెప్టెంబరుకు 6.9 శాతానికి దిగి, 2023 మార్చి నాటికి 3.9 శాతానికి చేరింది. ఐదేళ్లు వరసగా నష్టాలు మూటగట్టుకున్న ప్రభుత్వ రంగ బ్యాంకులు 2020-21లో కలిపి దాదాపు 31,800 కోట్ల రూపాయల నికర లాభం చూపాయి. అదే ఆర్థిక సంవత్సరం మొదటి మూడు నెలల్లో దేశ స్థూలోత్పత్తి, తొలి అంచనా ప్రకారం, 23.9 శాతం కుంగిపోయింది. దుకాణం తెరుచుకోక, కూలి దొరకక దేశం ఆగిపోయిన ఏడాదిలో, ఆ దుకాణాలకూ ఆ కూలీలకూ అప్పులిచ్చి బతికే సంస్థలు లాభాల్లోకి ఎలా వచ్చాయన్నదే ఈ సమీక్షకు విషయం.

దేశ స్థాయి పట్టికలు ఈ ప్రశ్నకు సగం జవాబే ఇస్తాయి. మిగిలిన సగం శాఖల్లో, అందునా చిన్న పట్టణాల శాఖల్లో దొరుకుతుంది. చిత్తూరు పడమటి మండలాలకు గుండెకాయ వంటి మదనపల్లె, దాని పొరుగున పాడికి పేరు పడ్డ పుంగనూరు, తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు కలిసే చోట రాష్ట్రానికి నైరుతి కొసన ఉన్న కుప్పం ఇందుకు తగిన చోట్లు. మహమ్మారి నాటికి ఈ మూడూ ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనివే. ఆ జిల్లాకు లీడ్ బ్యాంకు, అంటే జిల్లా రుణ ప్రణాళికను తయారుచేసి మిగిలిన బ్యాంకులను సమన్వయపరిచే బాధ్యత గల బ్యాంకు, ఇండియన్ బ్యాంకు. అదే బ్యాంకు ప్రాయోజకత్వంలో చిత్తూరు కేంద్రంగా సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2006 నుంచి పనిచేస్తూ వచ్చింది.

బ్యాంకు పనితీరు అన్న మాటకు ముందుగా అర్థం చెప్పుకోవాలి. రుణాల మీద, పెట్టుబడుల మీద వచ్చే వడ్డీలో నుంచి డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీని తీసివేస్తే మిగిలేది నికర వడ్డీ ఆదాయం. దానికి కమీషన్లు, రుసుములు, ప్రభుత్వ బాండ్లను అమ్మగా వచ్చిన లాభం కలిపి, జీతాలు, అద్దెలు తీసివేస్తే నిర్వహణ లాభం వస్తుంది. ఆ లాభంలో నుంచి, వసూలు కావేమోనని అనుమానమున్న రుణాల కోసం పక్కన పెట్టే సొమ్మును కేటాయింపులు అంటారు. కేటాయింపులు, పన్ను పోగా మిగిలిందే నికర లాభం. ఈ వరసను గుర్తుంచుకుంటే ఒక సంగతి వెంటనే తెలుస్తుంది: నికర లాభం చాలావరకు ఏ రుణాన్ని మొండి బాకీగా పిలవాలో నిర్ణయించే నియమం మీద ఆధారపడుతుంది. నియమం ఆరు నెలలు ఆగితే నష్టం కూడా పుస్తకాల్లో ఆరు నెలలు ఆగుతుంది. మహమ్మారి ఏళ్ల లెక్కలను ఈ గ్రహింపు లేకుండా చదివినవారు పొరపడక తప్పదు.

అంటువ్యాధులకూ బ్యాంకులకూ ఉన్న సంబంధం మీద కోవిడ్‌కు ముందు జరిగిన పరిశోధన చాలా తక్కువ. ఉన్నవాటిలో చెప్పుకోదగినది థామస్ లాగోర్డ్-సెగో, పాట్రిక్ లియోని 2013లో జర్నల్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్‌లో ప్రచురించిన వ్యాసం. ఎయిడ్స్, మలేరియా, క్షయ వంటి పేదల మహమ్మారులు ఒకేసారి ప్రబలిన దేశాల్లో, వైద్యం ఖర్చుల కోసం కుటుంబాలు మూకుమ్మడిగా పొదుపు సొమ్మును వెనక్కి తీసుకోవడం వల్ల బ్యాంకింగ్ వ్యవస్థ కూలిపోయే ప్రమాదం పెరుగుతుందని వారు సైద్ధాంతికంగా వాదించారు. మదనపల్లె వారికి ఈ వాదన అర్థం కావడానికి పుస్తకాలు తిరగేయనక్కర లేదు. ఊరి పక్కనే ఆరోగ్యవరంలో 1915లో తెరుచుకున్న క్షయ శానిటోరియం, ఆ తర్వాత 1950లో ఇక్కడే మొదలైన బీసీజీ టీకా పరీక్ష ఈ ప్రాంతాన్ని ప్రపంచ వైద్య చరిత్రలోకి ఎక్కించాయి. ఇంట్లో ఒకరు దీర్ఘరోగంతో మంచాన పడితే ముందు రొక్కం, తర్వాత నగ, చివరికి పొలం కరిగిపోవడం ఇక్కడి తరాలకు తెలిసిన క్రమం.

అయితే కోవిడ్ కాలంలో ఈ సిద్ధాంతం చెప్పిన దానికి తలకిందులుగా జరిగింది. 2020-21లో వాణిజ్య బ్యాంకుల డిపాజిట్లు 11 శాతానికి పైగా పెరిగాయి, రుణాలు మాత్రం దాదాపు 5.5 శాతమే పెరిగాయి. ప్రజల చేతిలో ఉండే నగదు కూడా అంతకుమించిన వేగంతో పెరిగింది. ఖర్చు పెట్టడానికి దారి లేక కొంత, రేపు ఏమవుతుందోనన్న బెంగతో కొంత, ప్రభుత్వం ఖాతాల్లో వేసిన సొమ్ము రూపంలో కొంత ఈ ధనం బ్యాంకులకు చేరింది. రిజర్వు బ్యాంకు అంచనా ప్రకారం కుటుంబాల ఆర్థిక పొదుపు ఆ ఏడాది మొదటి త్రైమాసికంలో స్థూలోత్పత్తిలో 21 శాతానికి ఎగసి, రెండో త్రైమాసికంలో 10.4 శాతానికి, మూడో దానిలో 8.2 శాతానికి పడిపోయింది. లాగోర్డ్-సెగో, లియోనిల వాదన తప్పని దీని అర్థం కాదు. నెల జీతం ఆగని ఇల్లు దాచుకుంటుంటే రోజు కూలి ఆగిన ఇల్లు ఉన్నది ఊడ్చుకుంది, ఆ రెండింటినీ ఒకే అంకెలో కలిపి చెప్పడం వల్ల మొదటిది రెండోదాన్ని కప్పేసింది.

ప్రపంచవ్యాప్తంగా 2020 తర్వాత వెలువడిన పరిశోధనలను రెండు గుంపులుగా చూడవచ్చు. మొదటి గుంపు బ్యాంకుల షేర్ల ధరలను పరిశీలించింది. ప్రపంచ బ్యాంకుకు చెందిన అస్లీ డెమిర్గుచ్-కుంట్ బృందం, మహమ్మారి తొలి నెలల్లో బ్యాంకుల షేర్లు తమ దేశాల మార్కెట్ సూచీల కంటే, ఇతర ఆర్థిక సంస్థల కంటే ఎక్కువగా పడిపోయాయని, ప్రభుత్వాలు ప్రకటించిన సహాయ చర్యల ప్రభావం అన్ని బ్యాంకుల మీద ఒకేలా లేదని చూపింది. విరల్ ఆచార్య, రాబర్ట్ ఎంగిల్, సాషా స్టెఫెన్ ఆ పతనానికి ఒక కారణాన్ని వెతికి పట్టుకున్నారు: కంపెనీలకు ముందే మంజూరై వాడకుండా ఉన్న రుణ పరిమితులను అవి ఒక్కసారిగా వాడేసుకుంటాయేమోనన్న భయం. రెండో గుంపు లాభనష్టాల ఖాతాలను పరిశీలించింది. మార్వా ఎల్‌నహాస్ బృందం 116 దేశాల్లోని 1,090 బ్యాంకుల లెక్కలు చూసి, మహమ్మారి వల్ల లాభదాయకత, స్థిరత్వం రెండూ దెబ్బతిన్నాయని తేల్చింది. అమెరికాలో డిపాజిట్ బీమా ఉన్న బ్యాంకుల నికర ఆదాయం 2020 మొదటి త్రైమాసికంలో అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే దాదాపు 70 శాతం పడిపోయింది. 2021లో మాత్రం అది 27,900 కోట్ల డాలర్ల రికార్డుకు చేరింది. ఇంత ఊగిసలాటకు కారణం అక్కడి లెక్కల పద్ధతి. రాబోయే నష్టాన్ని ముందే ఊహించి కేటాయించాలన్న నియమం ఉండటం వల్ల 2020లో భారీగా పక్కన పెట్టి, భయపడినంత నష్టం రాకపోవడంతో 2021లో ఆ సొమ్మును మళ్లీ ఆదాయంలో కలుపుకున్నారు. భారతదేశంలో ప్రధానంగా బాకీ మొండిపడ్డాకే కేటాయించే పద్ధతి నడుస్తోంది. అందువల్ల అమెరికాలో నష్టం ముందు కనబడి తర్వాత మాయమైతే, ఇక్కడ అది ముందు కనబడక, తర్వాత నెమ్మదిగా, వేరే పేర్లతో బయటపడింది. ఈ తేడాను పట్టించుకోకుండా రెండు దేశాల బ్యాంకులను ఒకే పట్టికలో పోల్చిన వ్యాసాలు చాలానే ఉన్నాయి, వాటి నిర్ధారణలను జాగ్రత్తగా స్వీకరించాలి.

ఇక మూడు పట్టణాల దగ్గరికి వస్తే, వీటిలో ఏ బ్యాంకు శాఖకైనా వచ్చే కంతుల వెనుక ఉన్న రాబడి ఎక్కడిదో ముందు చూడాలి. మదనపల్లె శివారు నీరుగట్టువారిపల్లెలోని టమోటా మార్కెట్ దేశంలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. రైతు తోట నుంచి క్రేట్లలో సరుకు తెస్తే మండీల్లో వేలం జరుగుతుంది, కొన్న వ్యాపారి దాన్ని చెన్నై మొదలు ఉత్తరాది నగరాల దాకా లారీల్లో పంపుతాడు. కట్టెలు, తీగ, డ్రిప్ పైపులు, నారు, మందుల కోసం రైతు పెట్టిన పెట్టుబడిలో కొంత బ్యాంకు పంట రుణం, కొంత ఇంట్లోని బంగారం మీద తెచ్చింది, కొంత మండీ వ్యాపారి ముందుగా ఇచ్చింది. పంట అమ్మిన సొమ్ములో నుంచి మండీ బాకీ వెంటనే, అక్కడికక్కడే తెగిపోతుంది, బ్యాంకు బాకీ ఆ తర్వాతి వరసలోది. 2020 మే 5న చెన్నైలో కోయంబేడు మార్కెట్ వైరస్ వ్యాప్తికి కేంద్రమైందని మూతపడినప్పుడు, అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న టమోటా తోటల మీద దెబ్బ పడింది. హోటళ్లు, పెళ్లిళ్లు లేక కొనేవారు తగ్గారు, కోత కూలి, క్రేటు అద్దె, లారీ కిరాయి మాత్రం తగ్గలేదు. రోజులు నిలవ ఉండని సరుకు పండించే రైతుకు ధర కోసం ఆగే వీలు లేదు. అదే ఊళ్లో పట్టుచీరలు నేసే మగ్గాలకు మరో విధమైన దెబ్బ తగిలింది: చీర నిలవ ఉంటుంది గాని, పెళ్లిళ్లే లేనప్పుడు నిలవ ఉన్న చీర వడ్డీ మోస్తూ కూర్చుంటుంది.

పుంగనూరు పరిస్థితి కొంత మెరుగు. పొట్టి ఆవుల జాతితో పేరు తెచ్చుకున్న ఈ ప్రాంతంలో పాల బిల్లు పల్లె ఇళ్లకు నెల జీతం వంటిది. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడ్డాక ప్రైవేటు డెయిరీలే ఎక్కువగా పాలు సేకరిస్తున్నాయి. పాలు అత్యవసర సరుకు కనుక లాక్‌డౌన్‌లోనూ సేకరణ ఆగలేదు. టీ కొట్లు, హోటళ్లు మూతపడి గిరాకీ తగ్గినా, బిల్లు పూర్తిగా నిలిచిపోలేదు. పాడి పశువుల మీద ఇచ్చిన రుణాలు టమోటా మీద ఇచ్చిన వాటి కంటే నిలకడగా ఉండటానికి కారణం ఇదే. పంట రాబడి మూడు నెలలకు ఒకసారి వచ్చి ఒక్క రోజులో తేలిపోతుంది, పాల రాబడి చిన్నదే అయినా రోజూ వస్తుంది.

కుప్పం రాబడి రైలు మీద ఆధారపడినది. వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని బెంగళూరుకు తెల్లవారుజామున రైలెక్కి, రాత్రికి తిరిగొచ్చే కూలీలు, భవన నిర్మాణ కార్మికులు, చిరుద్యోగుల సంపాదనే ఇక్కడి ఎన్నో ఇళ్లకు ఆధారం. 2020 మార్చి 22 అర్ధరాత్రి ప్రయాణికుల రైళ్లు ఆగిపోవడంతో ఆ సంపాదన ఒక్కరోజులో తెగిపోయింది. గ్రానైట్ క్వారీలు, పట్టుగూళ్ల పెంపకం కూడా సరిహద్దు దాటి సాగే వ్యాపారాలే, పట్టుగూళ్లకు కర్ణాటకలోని రామనగర మార్కెట్ పెద్ద దిక్కు. రాష్ట్ర సరిహద్దులో చెక్‌పోస్టు పడితే కుప్పం ఆర్థిక వ్యవస్థ రెండు ముక్కలైనట్టే. జిల్లా సగటులో ఈ సంగతి కనిపించదు.

ఈ రాబడులన్నీ ఒకేసారి కుంటుపడినా 2020 వేసవిలో ఈ ఊళ్ల శాఖల్లో మొండి బాకీలు పెరగకపోవడానికి మొదటి కారణం మారటోరియం, అంటే కంతుల చెల్లింపును వాయిదా వేసుకునే వెసులుబాటు. రిజర్వు బ్యాంకు 2020 మార్చి 27న మూడు నెలలకు ప్రకటించి, మే 22న మరో మూడు నెలలు పొడిగించడంతో అది మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా సాగింది. ఏప్రిల్ చివరికి దేశంలోని బ్యాంకు రుణాల్లో దాదాపు సగం, ఆగస్టు చివరికి 40 శాతం ఈ వెసులుబాటు కింద ఉన్నాయి. ఇక్కడ అర్థం చేసుకోవలసిన కీలకం ఏమిటంటే, కంతు ఆగింది గాని వడ్డీ ఆగలేదు. ఆ వడ్డీ చేతికి రాకపోయినా బ్యాంకు ఆదాయంగా రాసుకుంది. నష్టం ఆరు నెలలు పుస్తకం ఎక్కకపోగా, రాని సొమ్ము రాబడిగా నమోదైంది. రిజర్వు బ్యాంకు దీన్ని గమనించకపోలేదు. అప్పటికే బకాయి పడి ఈ వెసులుబాటు పొందిన ఖాతాలకు రెండు త్రైమాసికాల్లో కలిపి 10 శాతం కేటాయించాలని ఏప్రిల్ 17న ఆదేశించింది.

రుణగ్రస్తుని వైపు నుంచి ఈ వెసులుబాటు విలువ ఎంత? 12 శాతం వడ్డీకి లక్ష రూపాయలు తీసుకున్న ఒక చిరువ్యాపారి ఆరు నెలలు ఏమీ కట్టలేదనుకుంటే, బారువడ్డీ లెక్కన 6,000 రూపాయలు, నెలనెలా కలిసే చక్రవడ్డీ లెక్కన 6,152 రూపాయలు అవుతుంది. వడ్డీ మీద వడ్డీ అన్యాయమంటూ సుప్రీంకోర్టుకు వెళ్లిన వివాదం ఫలితంగా, రెండు కోట్ల రూపాయల లోపు రుణాలకు ఈ తేడాను ఖాతాల్లో జమ చేస్తామని కేంద్రం 2020 అక్టోబరు 23న పథకం ప్రకటించింది. లక్ష అప్పున్న ఆ చిరువ్యాపారికి దక్కేది 152 రూపాయలు. దేశమంతా నెలల తరబడి చర్చించిన ఊరట ఒక ఖాతాలో ఇంతే. అసలు భారం వేరే చోట ఉంది: 15 ఏళ్ల గడువు మిగిలిన 30 లక్షల గృహరుణానికి మూడు నెలల కంతులు వాయిదా వేసుకుంటే అదనంగా దాదాపు 2.34 లక్షల వడ్డీ, అంటే ఎనిమిది కంతుల సొమ్ము పడుతుందని భారతీయ స్టేట్ బ్యాంకే తన ఖాతాదారులకు ఉదాహరణగా చూపింది. వాయిదా అన్నది ఊపిరి తీసుకునే సమయమే, దాని ఖరీదు రుణగ్రస్తుడే కట్టాడు, ఆ ఖరీదు బ్యాంకు నికర వడ్డీ ఆదాయంలో చేరింది.

మారటోరియం ముగిశాక కూడా లెక్క వెంటనే తేలలేదు. ఆగస్టు 31 నాటికి మొండిపడని ఖాతాలను నిరర్థకంగా ప్రకటించవద్దని సుప్రీంకోర్టు 2020 సెప్టెంబరు 3న ఇచ్చిన మధ్యంతర ఆదేశం 2021 మార్చి 23న తుది తీర్పు వచ్చేదాకా అమల్లో ఉంది. పంట రుణాల విషయంలో ఆలస్యం మామూలుగానే ఎక్కువ. స్వల్పకాలిక పంటల రుణం రెండు పంటకాలాలు బకాయి పడితేనే నిరర్థకమవుతుంది. పైగా ఏడాది తిరిగేసరికి రైతు వడ్డీ కట్టి అదే రుణాన్ని రెన్యూవల్ చేసుకోవడం పరిపాటి. ఆ వడ్డీని చేబదులుగా తెచ్చి కట్టినా పుస్తకంలో ఖాతా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పంట రుణాల వసూలు శాతాన్ని మాత్రమే చూసి పల్లె క్షేమంగా ఉందని అనుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడ తెలుస్తుంది.

రెండో కారణం బంగారం. ఈ సమీక్ష దృష్టిలో మూడు పట్టణాల మహమ్మారి కథ అంతా ఇందులోనే ఉంది. 2020 ఆగస్టు 6న రిజర్వు బ్యాంకు వ్యవసాయేతర అవసరాలకు నగల మీద ఇచ్చే రుణాన్ని బంగారం విలువలో 75 శాతం నుంచి 90 శాతం దాకా ఇవ్వవచ్చని, ఈ సడలింపు 2021 మార్చి 31 దాకా ఉంటుందని ప్రకటించింది. దేశంలో బ్యాంకులు నగల మీద ఇచ్చిన వ్యక్తిగత రుణాలు 2020-21లో దాదాపు 80 శాతం పెరిగాయి, ఇతర రుణాల పెరుగుదలతో పోలిస్తే ఇది అసాధారణం. రాయలసీమలో నగ కుదువ పెట్టడం కొత్త కాదు. శాఖలో అప్రైజర్ గీటురాయి మీద గీసి, రాళ్ల బరువు తీసివేసి, తూచి, సంచిలో పెట్టి సీలు వేస్తే గంటలో డబ్బు చేతికొస్తుంది. ఆదాయ పత్రం అక్కర లేదు, జామీను అక్కర లేదు. కూలి ఆగిన కుప్పం కార్మికుడికి, ధర పడిన మదనపల్లె రైతుకు అప్పు పుట్టిన చోటు ఇదే. బ్యాంకుకు ఇంతకంటే భద్రమైన రుణం లేదు, ఎందుకంటే చేతికింద బంగారం ఉంది, దానికి ఎత్తిపెట్టవలసిన మూలధనం తక్కువ, వడ్డీ ఖాయం.

అయితే ఈ భద్రత కూడా ధర నిలిచినంత వరకే. 2020 ఆగస్టులో 10 గ్రాముల మేలిమి బంగారం 55,000 రూపాయలు దాటి, 2021 మార్చి నాటికి 45,000 చేరువకు దిగింది. లెక్క తేలికగా ఉండటానికి మేలిమి ధరనే తీసుకుంటే, 55,000 విలువ మీద 90 శాతం లెక్కన 49,500 రూపాయల రుణం ఇచ్చిన శాఖకు ఏడు నెలల తర్వాత చేతికింద ఉన్నది 45,000 విలువైన నగ, రావలసింది 49,500తో పాటు వడ్డీ. బ్యాంకు తేడా కట్టమంటుంది, కట్టలేని ఇంటి నగ వేలానికి పోతుంది. వేలం వల్ల బ్యాంకు బాకీ చాలావరకు వసూలై, ఖాతా ముగిసి, నిరర్థక ఆస్తుల జాబితాలో ఆనవాలే మిగలదు. బ్యాంకు లెక్కలో అది విజయవంతమైన వసూలు, ఆ ఇంటి లెక్కలో అది తరతరాల ఆస్తి పోగొట్టుకోవడం. పరిశోధనా వ్యాసాల్లో మొదటిది పనితీరుగా నమోదవుతుంది, రెండోదానికి ఏ పట్టికలోనూ గడి లేదు. ఈ లోపం చిన్నది కాదు.

మూడో కారణం ప్రభుత్వ ఖజానా. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని అర్థం చేసుకోవాలంటే 2010కి వెళ్లాలి. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుతో సూక్ష్మరుణ సంస్థల వ్యాపారం ఇక్కడ దాదాపు ఆగిపోయింది. పల్లె మహిళలకు సంస్థాగత రుణం అంటే ప్రధానంగా డ్వాక్రా సంఘాల ద్వారా బ్యాంకులు ఇచ్చేదే మిగిలింది. అందువల్ల అస్సాం, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాల్లో మహమ్మారి కాలంలో సూక్ష్మరుణాల వసూళ్లు కుప్పకూలి బ్యాంకులను ఇబ్బంది పెట్టినట్టు ఇక్కడ జరగలేదు. పైగా రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న సున్నా వడ్డీ పథకం కింద సంఘాల వడ్డీ సొమ్ము దాదాపు 1,400 కోట్లు విడుదల చేసింది. సెప్టెంబరు 11న మొదలైన ఆసరా పథకం, 2019 ఏప్రిల్ 11 నాటికి సంఘాలకున్న బ్యాంకు అప్పు మొత్తాన్ని, దాదాపు 27,000 కోట్లను, నాలుగు విడతల్లో తీర్చే భారాన్ని తలకెత్తుకుంది. నవంబరులో మొదలైన జగనన్న తోడు పథకంలో తోపుడు బండ్ల వారికి, చిరువ్యాపారులకు బ్యాంకులు 10,000 రూపాయలు ఇస్తే వడ్డీ ప్రభుత్వం కట్టేది. కేంద్రం 2020 మేలో చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు మూడు లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ పథకం తెచ్చి, 2020 ఫిబ్రవరి 29 నాటి బాకీలో 20 శాతం వరకు అదనపు రుణాన్ని పూర్తి హామీతో ఇప్పించింది. తర్వాత ఆ పరిమితి ఐదు లక్షల కోట్లకు పెరిగింది. ఈ పథకం వల్ల దాదాపు 13.5 లక్షల ఖాతాలు మొండిపడకుండా నిలిచాయని స్టేట్ బ్యాంకు పరిశోధన విభాగం 2022 జనవరిలో అంచనా వేసింది. ఈ పథకాల మంచిచెడ్డలు వేరే చర్చ. బ్యాంకు పనితీరు కోణంలో చూస్తే, కరువు వచ్చిన ఇంటి అప్పుకు పూచీ పడింది ప్రభుత్వం కనుక, ఆ మేరకు బ్యాంకు లాభం ప్రజాధనం నుంచి వచ్చిందే.

ఈ సహాయం ప్రజల చేతికి అందింది కూడా శాఖల గుమ్మం దగ్గరే. జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు కేంద్రం వేసిన సొమ్ములో మొదటి విడతను 2020 ఏప్రిల్ 3 నుంచి 9 దాకా ఖాతా నంబరు చివరి అంకె ప్రకారం పంచారు: 0, 1 ఉన్నవారికి 3న, 2, 3 ఉన్నవారికి 4న, అలా 8, 9 ఉన్నవారికి 9న. సున్నంతో గీసిన వృత్తాల్లో, ఎండలో, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడిన స్త్రీలు, అద్దం వెనక సగం మంది సిబ్బందితో పనిచేసిన కౌంటర్లు, వేలిముద్ర పడక పదేపదే తుడిచి పెట్టించిన, ఊళ్లలో బ్యాంకు ప్రతినిధులైన బ్యాంక్ మిత్రలు ఆ వారం సేవకు నిలువెత్తు రూపాలు. ఈ పని వల్ల శాఖకు రుసుము రూపంలో వచ్చేది దాదాపు శూన్యం, ప్రాణభయం మాత్రం నిండుగా ఉంది. లాభదాయకత కొలమానాల్లో ఖర్చుగా మాత్రమే కనిపించే ఈ సిబ్బంది శ్రమను పనితీరులో భాగంగా లెక్కించని సమీక్ష ఏదైనా అసంపూర్ణమే.

నాలుగో కారణం వడ్డీ రేట్ల తగ్గింపు. దీన్ని గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్వల్పకాలానికి అప్పిచ్చే వడ్డీ రేటు, 2020 మార్చిలో 5.15 నుంచి 4.40కి, మేలో 4 శాతానికి దిగింది. నగదు నిల్వల నిష్పత్తి 4 నుంచి 3 శాతానికి తగ్గి బ్యాంకులకు సొమ్ము వెసులుబాటు వచ్చింది. స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతా వడ్డీ మే చివరికి 2.70 శాతానికి పడింది. డిపాజిట్ల ఖర్చు త్వరగా తగ్గి, పాత రుణాల మీద రాబడి నెమ్మదిగా తగ్గడంతో మధ్య తేడా బ్యాంకులకు మిగిలింది. రేట్లు తగ్గితే పాత బాండ్ల ధర పెరుగుతుంది కనుక ట్రెజరీ విభాగాలకు లాభం వచ్చింది. స్టేట్ బ్యాంకు ఒక్కదాని నికర లాభమే 2019-20లో 14,488 కోట్ల నుంచి 2020-21లో 20,410 కోట్లకు, ఆ మరుసటి ఏడాది 31,676 కోట్లకు పెరిగింది. గ్రామీణ బ్యాంకులు దేశం మొత్తం మీద 2,208 కోట్ల నష్టం నుంచి 1,682 కోట్ల లాభంలోకి వచ్చాయి. ఈ లాభానికి వెల చెల్లించినవారిలో జీవితకాలపు పొదుపును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో దాచుకుని దాని వడ్డీతో మందులు కొనుక్కునే విశ్రాంత ఉద్యోగులు ముందు వరసలో ఉంటారు.

బ్యాంకులు తమ గట్టిదనం వల్ల కూడా నిలిచాయన్నది ఒప్పుకోవాలి. 2015లో మొదలైన ఆస్తుల నాణ్యత పరిశీలనతో దాచిపెట్టిన పెద్ద కంపెనీల మొండి బాకీలు బయటపడి, 2018 మార్చికి నిరర్థక ఆస్తులు 11 శాతం దాటాయి. వాటికి కేటాయింపులు చేసి, ప్రభుత్వం నుంచి మూలధనం తెచ్చుకున్న తర్వాతే మహమ్మారి వచ్చింది. అదే తుపాను 2014లో వచ్చి ఉంటే ఫలితం వేరుగా ఉండేదనడంలో సందేహం లేదు. 2020 మార్చిలో యస్ బ్యాంకు, నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకు కుప్పకూలాయి గాని వాటి జబ్బు పాతది. లాక్‌డౌన్ మధ్యలోనే, 2020 ఏప్రిల్ 1న, భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో, అలహాబాద్ బ్యాంకు ఇండియన్ బ్యాంకులో విలీనమయ్యాయి. బోర్డులు మారుతున్న వేళ శాఖల సిబ్బంది రెండు కష్టాలను ఒకేసారి మోశారు.

నిరర్థక ఆస్తులు తగ్గడంలో రద్దుల పాత్రను కూడా మరువరాదు. పూర్తిగా కేటాయించిన మొండి బాకీని పుస్తకాల నుంచి తీసివేయడాన్ని రద్దు అంటారు. బాకీ మాఫీ కాదు, వసూలు ప్రయత్నం సాగుతుంది, నిష్పత్తి మాత్రం తగ్గుతుంది. వాణిజ్య బ్యాంకులు 2019-20లో 2.34 లక్షల కోట్లు, 2020-21లో 2.02 లక్షల కోట్లు ఇలా రద్దు చేశాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2021 మేలో వచ్చిన పునర్వ్యవస్థీకరణ పథకాల కింద గడువులు పొడిగించుకున్న రుణాలు మంచి రుణాల జాబితాలోనే కొనసాగాయి. వైరస్ రెండో విడత విజృంభించిన 2021 వేసవిలో దేశవ్యాప్త లాక్‌డౌన్ లేదు, సాధారణ మారటోరియమూ లేదు. ప్రాణనష్టం ఎక్కువగా జరిగిన ఆ నెలల్లోనే రుణగ్రస్తుడికి రక్షణ తక్కువగా ఉండటం, వ్యాధి తీవ్రత మీద కాక ఆర్థిక కార్యకలాపాల సూచికల మీద ఆధారపడి విధానం నడిచిందని చెప్పే గట్టి సాక్ష్యం.

కాబట్టి మహమ్మారిలో బ్యాంకు పనితీరును ఒక్క ఏడాది నికర లాభంతో కొలిచే పద్ధతి పనికిరాదు. కనీసం నాలుగేళ్ల లెక్కలు వరసగా చూసి, అందులో రాని వడ్డీ ఎంత, హామీ ఉన్న రుణం ఎంత, రద్దయింది ఎంత, పునర్వ్యవస్థీకరణలో ఉన్నది ఎంత అని విడదీయాలి. వాటి పక్కనే వేలానికి వెళ్లిన నగల బరువును కూడా శాఖలవారీగా చేర్చగలిగితేనే నష్టం ఎవరి పుస్తకంలోకి చేరిందో తెలుస్తుంది. ఈ ప్రాంతానికి అటువంటి అధ్యయనం చేయదలచినవారికి ఇప్పుడు కొన్ని చిక్కులున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, కుప్పం, పుంగనూరు చిత్తూరులో మిగిలాయి, కనుక జిల్లా గణాంకాలు ఆ తేదీకి ముందూ వెనకా ఒకదానికొకటి అతకవు. 2025 మే 1న సప్తగిరి గ్రామీణ బ్యాంకు, మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి యూనియన్ బ్యాంకు ప్రాయోజకత్వంలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది. మహమ్మారి ఏళ్ల నగల రుణాల రిజిస్టర్లు, రెన్యూవల్ పత్రాలు, వేలం నోటీసుల ప్రతులు శాఖల బీరువాల్లో ఇంకా ఉండగానే వాటిని లెక్కలోకి తీసుకోవాలి.